లెన్సు కింద నాలుగు డిగ్రీలు

నాకు ఇద్దరు కోడళ్ళు. ఇద్దరూ ఒకే పరిశోధన సంస్థలో పనిచేస్తారు, ఒకే ఇంట్లో ఉంటారు, ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పెద్దది కింద మాతో ఉంటుంది, చిన్నది మేడ మీద. మధ్యలో మెట్లున్నాయి కాబట్టి బతికిపోయాం.

పెద్దది లోకం పుట్టిన తొలి క్షణాల మీద లెక్కలు వేస్తుంది. అప్పుడు ఎంత వేడి ఉండేదో, చల్లారుతూ చల్లారుతూ ఎక్కడెక్కడ ఒక్కసారిగా రూపం మార్చుకుందో కాగితం మీద చెప్పగలదు. స్టవ్వు మీద పాలు ఎప్పుడు పొంగుతాయో మాత్రం చెప్పలేదు. చిన్నది మనిషి ఒంట్లోని కణాల్ని మైక్రోస్కోపులో చూస్తుంది. కణం లోపల కొన్ని ప్రోటీన్లు గుంపు కట్టి, నీళ్ళలో నూనె బొట్లలాగా విడిపోయి తేలుతూ ఉంటాయట. ఆ బొట్లు ఎప్పుడు పుడతాయి, ఎప్పుడు కరుగుతాయి, ఎప్పుడు రాయిలా గట్టిపడతాయి అన్నది ఆమె చదువు. ఇద్దరిదీ ఒకటే విద్య అని వాళ్ళ డైరెక్టరు ఓసారి మా ఇంటికొచ్చి టీ తాగుతూ అన్నాడు. ఒకరు ఆకాశంలో చేసేదే ఇంకొకరు కణంలో చేస్తున్నారట. ఆ మాటకి ఇద్దరూ ఒకేసారి మూతి ముడిచారు. వాళ్ళిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం నేను చూసింది అదొక్కటే.

మా ఆయన దర్జీ. ఆయన కుట్టిన చొక్కాల మీదే మా ఇద్దరు కొడుకులూ చదువుకున్నారు. ఆ కొడుకుల సంగతి ఇక్కడ అక్కర్లేదు. పెళ్ళాల గొడవ మొదలవగానే ఇద్దరూ చెప్పులు వేసుకుని బయటికి పోతారు.

ఆయన చేతులకి జబ్బు చేసింది. మొదట సూదిలో దారం ఎక్కలేదు. కళ్ళజోడు మార్చాం. తరవాత కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. కళ్ళజోడుది కాదు తప్పు, నరాలది అని డాక్టరు చెప్పింది. పూటకో మాత్ర రాసిచ్చి, "ఇది జబ్బుని తగ్గించదు, దాని నడక నెమ్మది చేస్తుంది. ఆపకుండా వేసుకోండి" అంది. ఆయన ఆపకుండా వేసుకున్నారు. దుకాణంలో కత్తిరింపు పని ఇంకొకరికి అప్పగించి, గుండీలు కుట్టే పని తను ఉంచుకున్నారు. రెండు చేతులతో పట్టుకుని గ్లాసెడు నీళ్ళు తాగేవారు.

అప్పుడు చిన్నది మేడ దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"మామయ్యా, మీరు దారానికి రాసే మైనం ఉంది కదా, కరిగితే ఎలా జారుతుంది, చల్లారితే ఎలా గడ్డకడుతుంది? మీ నరాల కణాల్లో అలాంటి బొట్లున్నాయి. అవి జారుతూ ఉండాలి. మెల్లమెల్లగా గడ్డకడుతున్నాయి."

"మళ్ళీ కరిగించలేమా?"

"గడ్డకట్టాక కష్టం. వేడి చేస్తే కరిగే రకం కాదది. కానీ గడ్డకట్టకుండా ఆపేది ఒకటి దొరికింది."

వేరే జబ్బుకి ఏళ్ళ తరబడి వాడుతున్న పాత మందే అది. ఒంటి వేడిలో ఉంచిన కణాల్లో బొట్లు గడ్డకడుతున్నాయని, ఆ మందు వేస్తే కట్టడం లేదని చిన్నది వీడియోలు తీసింది. పక్కనున్న ఆస్పత్రివాళ్ళు కొద్దిమంది రోగుల మీద దాన్ని వాడి చూస్తామన్నారు. మా ఆయన్నీ చేర్చుకుంటామన్నారు. ఒక్కటే షరతు. ఇప్పుడు వేసుకుంటున్న మాత్ర నెల ముందే ఆపెయ్యాలి. లేకపోతే ఏ మందు ఏం చేసిందో తెలియదట.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరుని అడిగితే "మీ ఇష్టం. కానీ ఈ జబ్బులో పోయిన బలం తిరిగి రావడం నేనెప్పుడూ చూడలేదు" అంది. ఆ రోజు నుంచీ ఇంట్లో అదొక్కటే మాట. ఆపాలా, వద్దా?

పెద్దదానికి అది మింగుడు పడలేదు. మామయ్య ఆరోగ్యం కాదు, తోడికోడలికి ఇంట్లో వచ్చిన గొప్ప. తన విద్యా ఇంటికి పనికొస్తుందని చూపించాలనుకుందో ఏమో, ఒక మధ్యాహ్నం ఫ్రీజర్‌లోంచి మంచినీళ్ళ సీసా తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. గడ్డకట్టాల్సినదాని కన్నా చల్లబడ్డాయిట ఆ నీళ్ళు, అయినా నీళ్ళుగానే ఉన్నాయిట. సీసాని టేబుల్ మీద ఠక్కున కొట్టింది. మెడ దగ్గర తెల్లగా ఒక చుక్క పుట్టి, కళ్ళు మూసి తెరిచేలోగా సీసా అడుగు దాకా మంచుగడ్డైపోయింది. మా ఆయన పసిపిల్లాడిలా నవ్వారు.

"ఈ లోకం కూడా ఈ నీళ్ళలాగే ఉండొచ్చు మామయ్యా. ఇదే ఆఖరి రూపమని మనం అనుకుంటున్నాం. ఎక్కడో ఒక బుడగ పుడితే, అది వెలుగంత వేగంగా పాకి అంతా మారిపోవచ్చు."

"అది మనదాకా వచ్చేలోపు నేను కుడుతున్న చొక్కా గుండీలు అయిపోతాయంటావా?"

"బోలెడు టైముంది మామయ్యా" అంది పెద్దది. ఆ రోజు బాగానే ఉంది మనిషి.

శనివారం భోజనాల దగ్గర చెడింది. చిన్నది తన వీడియోల సంగతి చెబుతుంటే పెద్దది అందుకుంది.

"నీ బొట్లు పెద్ద లెన్సులోనే ఎందుకు కనిపిస్తున్నాయి? అవే కణాల్ని చిన్న లెన్సుతో చూస్తే ఎందుకు లేవు?"

"చిన్న లెన్సుకి అంత చూపు ఉండదక్కా."

"నువ్వు చెప్పే సైజుకి చిన్న లెన్సు చాలు. లెక్క కట్టి చూశాను."

"లెక్క కట్టి చూశారా?" చిన్నది నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "నేను కళ్ళతో చూశానక్కా. అవునూ, మీ బుడగల్ని ఏ లెన్సులో చూశారు ఇంతకీ?"

నాకు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. ఎందుకు నవ్వకూడదు, బాగా అంది. పెద్దది కంచం ముందు నుంచి లేచిపోయింది. "ఓర్వలేనితనం" అన్నాను, గదిలోకి వినబడేలాగే అన్నాను.

మర్నాడు ఆదివారం పెద్దది పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి, మారు వడ్డించుకుని మరీ తింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. సోమవారం పొద్దున మా ఆయన ఒక నిర్ణయానికొచ్చారు.

"చిన్నమ్మాయి అంత కష్టపడింది. ఎన్నాళ్ళని ఈ నెమ్మది నడక? చూద్దాం" అని మాత్రల డబ్బా పెద్దదాని చేతికిచ్చి, "పై అరలో పడెయ్యమ్మా, ఇక దీంతో పని లేదు" అన్నారు. ఆమె ఒక్క క్షణం డబ్బా వంక చూసి, స్టూలు వేసుకుని పై అరలో పెట్టేసింది.

ఆ తరవాత మూడు వారాలు ఇంట్లో కయ్యం లేదు. నేను వెర్రిదాన్ని, సుఖపడ్డాను. నివురు గప్పిన నిప్పని తెలియక, పెద్దదానికి బుద్ధొచ్చిందని మురిసిపోయాను. సుఖం లేనిది ఒక్క ఆయన చేతులకే. గుండీ జారిపోతోందని మొదటి వారం చెప్పారు. రెండో వారం గుండీల డబ్బా దుకాణంలోనే వదిలి వచ్చారు. మూడో వారానికి గ్లాసు రెండు చేతులకీ లేవడం మానేసింది, నేనే పట్టి తాగించాను. "ఖాళీ నెల కదా అత్తయ్యా, కొత్త మందు మొదలైతే సర్దుకుంటుంది" అంది చిన్నది. పెద్దది అక్కడే కూర్చుని వేళ్ళ గోళ్ళు చూసుకుంటోంది.

ఆస్పత్రివాళ్ళు మందు మొదలుపెట్టే ముందు చిన్నది తన పనంతా సంస్థలో అందరి ముందూ చెప్పాలి. ఆయన్నీ నన్నూ తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆయనకి తెల్ల చొక్కా నేను తొడిగాను. చిన్నది బాగా చెప్పింది. నాలాంటిదానిక్కూడా అర్థమైంది. తెర మీద ఆకుపచ్చ బొట్లు ఒకదానికొకటి తగిలి కలిసిపోతున్నాయి, మందు లేనిచోట కలవకుండా బిగుసుకుపోతున్నాయి. జనం చప్పట్లు కొట్టారు. ప్రశ్నలున్నాయా అని డైరెక్టరు అడిగాడు.

పెద్దది లేచింది. చక్కగా ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుంది ఆ రోజు.

"కణాల వేడి ఎక్కడ కొలిచావు?"

"స్టేజీ మీద, గాజుపలక పెట్టేచోట. ముప్పై ఏడు, మనిషి ఒంటి వేడి. వేడి పెంచే మీట కదలకుండా మా ల్యాబులో టేపు వేసి ఉంచుతాం. ఎవరూ ముట్టుకోరు."

"స్టేజీ మీద సరే. లెన్సు కింద?"

చిన్నది తెర మీది బొట్ల వంక తిరిగి చూసింది.

"పెద్ద లెన్సుకీ గాజుపలకకీ మధ్య నూనె చుక్క వేస్తావు. లెన్సంటే చల్లటి లోహం. ఆ నూనె గుండా అది నీ కణాల్లోని వేడిని లాగేస్తుంది. చిన్న లెన్సుకి నూనె అక్కర్లేదు కాబట్టి దాని కింద వేడి నిలుస్తుంది, బొట్లు ఉండవు. స్టేజీ ముప్పై ఏడని చూపిస్తున్నా, పెద్ద లెన్సు కింద నీ కణాలు ముప్పై మూడులో ఉన్నాయి." సంచీలోంచి వేడి కొలిచే వెంట్రుకంత తీగ ఒకటి తీసింది. "నమ్మకపోతే ఇప్పుడే కొలుద్దాం."

హాలంతా గుసగుసలు. చిన్నదాని మొహం తెల్లబోయింది, కానీ "పదండి" అంది. ఆ ఒక్క మాటకి ఆమెని మెచ్చుకోవాలి.

మైక్రోస్కోపు గది ఇరుకు. డైరెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు, లోపల మేం నలుగురం. ఏసీ రొద చేస్తోంది. చిన్నది తనే ఆ తీగని గాజుపలకకి అంటించి, నూనె చుక్క వేసి, లెన్సు దాని దగ్గరికి తెచ్చింది. స్టేజీ వేడి చూపించే పెట్టె మీద ఎర్ర అంకెలు ముప్పై ఏడు అంటున్నాయి. తీగ అంకె దిగుతూ దిగుతూ ముప్పై మూడు దగ్గర ఆగింది. తెర మీద బొట్లు హాయిగా తేలుతున్నాయి.

పెద్దది చేతులు కట్టుకుని నిలబడింది. చిన్నది మీట మీది టేపు గోటితో పీకేసింది. వేడి పెంచింది. ముప్పై అయిదు దగ్గర బొట్లు చిన్నవయ్యాయి. ముప్పై ఆరు దగ్గర అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. తీగ ముప్పై ఏడు చూపించేసరికి తెరంతా ఒకే పలచటి ఆకుపచ్చ రంగు, ఇంకేం లేదు.

"ఏవమ్మా, ఎటు పోయాయి?" అన్నారు మా ఆయన.

"లేవు మామయ్యా."

"గడ్డకట్టినవి కరిగాయా?"

"కాదు. ఒంటి వేడిలో ఈ కణాల్లో అవి అసలు పుట్టనే పుట్టవు. చల్లబెట్టి పుట్టించింది నేనే. నాకు తెలియలేదు."

"మరి ఆ మందో?"

చిన్నది ఆయన వైపు తిరిగి, కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "చల్లబడ్డ కణాల్లో పనిచేస్తుంది. మీ ఒంట్లో పనిచేస్తుందో లేదో నాకు తెలీదు. తెలుసని చెప్పాను. తప్పు చెప్పాను."

ఆమె చెంప పగలగొట్టాలనిపించింది నాకు. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

వీళ్ళ వృత్తిలో ఒక అలవాటుంది. ఇల్లు కాలిపోతున్నా కొలతల వివరాలు అడగడం మానరు. చిన్నది కళ్ళు తుడుచుకుంటూనే అడిగింది.

"మీరు ఎప్పుడు కొలిచారక్కా? గదిలో ఏసీ ఎంతలో ఉంది?"

"మూడు వారాల కిందట, ఆదివారం. ఏసీ ఇరవై రెండు. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే వచ్చింది."

టకటకా చెప్పేసింది, అప్పజెప్పే పిల్లలాగా. ఈ మనుషులు దేన్నైనా దాస్తారు కానీ, ఎప్పుడు కొలిచావంటే మాత్రం అబద్ధం నోట రాదు. చెప్పాక తెలిసింది ఆమెకి తనేం చెప్పిందో. కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"ఆదివారమా?" అన్నారు మా ఆయన, నెమ్మదిగా లెక్క చూసుకుంటూ. "నేను మాత్ర మానేసింది ఆ మర్నాడు పొద్దున కదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ చేత్తో పెట్టావే! స్టూలెక్కి మరీ పెట్టావు కదే ఆ డబ్బా! అప్పటికే తెలుసా నీకు?"

"అత్తయ్యా, నేను చెబితే విన్నారా ఎప్పుడైనా? ముందురోజు అడిగితే ఏం చేశారు? నవ్వారు. మీరే నవ్వారు, గుర్తుందా?"

"నవ్వాను! అయితే? నవ్వినందుకు నా మొగుడి చేతులు పట్టుకెళతావా? అరవాల్సింది! ఆ డబ్బా తీసి నా మొహాన కొట్టాల్సింది! కుళ్ళుమోతుదానివని తిట్టేదాన్ని, తిడితే పడాల్సింది!"

"నాకు చెప్పొచ్చు కదక్కా" అంది చిన్నది. "మేడ మెట్లు ఎన్నున్నాయని?"

"నీకా?" పెద్దదాని గొంతు కీచుమంది. "నీకు చెబితే చక్కగా సర్దేసుకుని, ఈ రోజు హాల్లో అదీ నీ ఘనతే అన్నట్టు చెప్పేదానివి. నా పేరు ఎక్కడైనా వచ్చేదా? చెప్పు!"

చిన్నది పీకిన టేపుని వేలికి చుట్టుకుంటోంది. ఆ వాలకం చూస్తే, సర్దేసుకునేదే అనిపించింది నాకు. ఇద్దరూ ఇద్దరే. డైరెక్టరు గుమ్మంలోంచి ఎప్పుడు జారుకున్నాడో చూడలేదు.

మా ఆయనే ఆ గదిలో గొంతు పెంచని మనిషి. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నిజం కాదని ఎవరంటారు?" అన్నారు పెద్దదానితో. "ఇంట్లో చెబితే సరిపోయేది."

ఆస్పత్రివాళ్ళు ఆ ప్రయత్నం ఆపేశారు. చిన్నది ల్యాబులో మొదటి నుంచీ మళ్ళీ కొలుస్తోంది, మేడ దిగి మా ముందుకి రావడం మానేసింది. పెద్దదానికి ఎవరెవరో ఫోన్లు చేసి, ఎంత సూక్ష్మంగా పట్టావమ్మా అని పొగిడారు. ఆ ఫోన్లు ఎత్తి ఆమె "థాంక్స్ అండీ, థాంక్స్" అంటుంటే నేను వంటింట్లో గిన్నెలు విసిరాను.

ఆ గదిలో గొడవైన మర్నాడే డాక్టరు దగ్గరికెళ్ళాం. మూడు వారాల్లో ఇంత దిగజారడం మాత్ర ఆపినందువల్లేనా అని అడిగాను. "అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఆపకపోయినా ఇలాగే అయ్యేదేమో" అంది. మాత్ర మళ్ళీ మొదలుపెట్టమంది. పోయింది తిరిగొస్తుందా అంటే తల అడ్డంగా ఊపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు డబ్బా కిందికి దించాను, ఈసారి నేనే స్టూలెక్కాను.

ఆ రోజు నుంచీ నేను పెద్దదానితో మాట్లాడడం లేదు. ఆయనకి తినిపించేదీ తాగించేదీ నేనే, దాన్ని ఆ ఛాయలకి రానివ్వలేదు. నిన్న పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అది ఆయన మంచం పక్కన నిలబడి ఉంది. ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్ళ గ్లాసు.

"అక్కడ పెట్టి పో" అన్నాను.

కదల్లేదు. ఆయన నోరు తెరిచారు. అది మాత్ర నాలుక మీద పెట్టి, గ్లాసు అందించింది. ఆయన తాగారు.

"దాని చేతి నీళ్ళు ఎలా తాగబుద్ధేసిందండీ మీకు?" అన్నాను, అది వింటుండగానే. "నేనైతే గొంతెండి చచ్చినా తాగను."

ఆయన గుటక వేసి నా వంక చూశారు.

"నా చెయ్యి లేవదు కదే. ఇంక ఎవరి చెయ్యైతే ఏంటి?"

పెద్దదాని చేతిలో గ్లాసు ఒరిగింది. నీళ్ళు ఆయన మెడ మీంచి చొక్కా లోపలికి కారాయి. తుడుచుకోవాలని ఆయన భుజం ఒకటి కదిలింది, చెయ్యి మాత్రం దుప్పటి మీదే ఉండిపోయింది. అది ఏడుస్తూ నా భుజం మీదున్న తువ్వాలు కోసం చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు.